ఏడో కుర్చీ, ఎనిమిదో కుర్చీ

బడి హాలు. సాయంత్రం నాలుగు గంటలు. మూడో వరస. తెర ఇంకా లేవలేదు.

"బ్యాగు తీయండి."

"ఎవరో వస్తారని పెట్టా."

"ఎవరో కాదు, నేనే. కుర్చీ వెనక చూడండి. ‘అమ్మ’ అని చీటీ అంటించింది మీ కూతురు. ఏడో కుర్చీ మీకు, ఎనిమిదోది నాకు."

"హాలు నిండా కుర్చీలున్నాయి. వెనక ఎక్కడైనా కూర్చోవచ్చుగా?"

"మీరు కూర్చోండి వెనక. మీ చీటీ పీక్కెళ్లి ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకోండి."

"ఈరోజు శనివారం. నా రోజు."

"రోజు మీదే, ఎవరు కాదన్నారు? సోమవారం నుంచి గురువారం దాకా నాది, శుక్ర శని ఆదివారాలు మీవి. మూడేళ్లుగా వింటూనే ఉన్నా. బ్యాగు తీస్తారా, దాని మీదే కూర్చోమంటారా?"

"స్క్రూడ్రైవర్లున్నాయి అందులో. గుచ్చుకుంటాయి."

"తెలుసు. పదమూడేళ్లు కాపురం చేశా, ఆ బ్యాగులో ఏముంటుందో నాకు తెలీదా? బిడ్డ నాటకానికి కూడా పనిముట్లు మోసుకుంటూ రావాలా?"

"రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ముసలాయన. బాగుచేసి అటునుంచి అటే వస్తున్నా. నీలాగా చల్లటి గదిలో కూర్చుని జనం రక్తం తీసే ఉద్యోగం కాదు నాది."

"నేను సీసాలోకి తీస్తాను. మీరు తిన్నగా తాగేస్తారు."

"చూశావా, కూర్చుని అర నిమిషం కాలేదు."

"మొదలుపెట్టింది ఎవరు?"

"బాబూ, ముందు వరసలో ఉన్నాను, నా జడ మీద పడుతోంది నీ బ్యాగు. కాస్త అటు పెట్టుకో నాయనా."

"క్షమించండి మామ్మగారూ."

"పరవాలేదులే. మా మనవడు వేషం వేస్తున్నాడు. మీ పిల్ల కూడా వేస్తోందా?"

"వేస్తోందండీ. పెద్ద వేషమే."

"మనవాళ్లు ఎదురుగా ఉంటే పిల్లలకి ధైర్యం. భార్యాభర్తలిద్దరూ కలిసొచ్చారు, చూడముచ్చటగా ఉంది."

"నవ్వారేంటి మీరు?"

"నేనెక్కడ నవ్వా? దగ్గొచ్చింది."

"నవ్వండి నవ్వండి. సోమవారం పదకొండు గంటలకి కోర్టులో ఆఫీసరు గారి ముందు కూడా ఇలాగే నవ్వుదురుగాని."

"నేనే నవ్వుతా. నా పేరే చెబుతుంది నా కూతురు పిచ్చుక."

"మీకు చెప్పిందా?"

"చెప్పక్కర్లేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు?"

"ఆ కంకణమేదో నాకూ చూపించండి. ఆవిడ దాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, ‘ఎవరి దగ్గర ఉంటావమ్మా’ అని అడుగుతుంది. అది ఎవరి పేరు చెబితే వాళ్ల దగ్గరే. ఇక వారాన్ని కోసి పంచుకోవడాలు ఉండవు. రెండోవాళ్లు నెలకోసారి చూసి వెళ్లాలి. అంతే."

"నెలకోసారి వస్తావులే. టిఫినేమన్నా పెడతాంలే."

"నోరు జాగ్రత్త."

"ఏం, తప్పేమన్నానా?"

"నాటకం కాగితం మీద ముందు సంతకం ఎవరిది? నాది. గురువారం పొద్దున తెచ్చి, ‘అమ్మా, ఇక్కడ సంతకం కావాలి’ అంది. నాకు డ్యూటీకి టైమైపోతోంది, చెప్పులు వేసుకుంటూ నించునే పెట్టా. పక్కన మీ గడి ఖాళీగా ఉంది. అప్పుడే అనుకున్నా, దానికి ముందు గుర్తొచ్చేది నేనేనని."

"గురువారం నీ ఇంట్లో ఉంది కాబట్టి నీకిచ్చింది. శుక్రవారం నాకిచ్చింది. చూశా, నీ కోడిగీతలు. దాని పక్కనే నాది రెండింతలు పెద్దది పెట్టా. గడి దాటి బయటికొచ్చింది."

"సంతకాల్లో కూడా పోటీయేనా? సిగ్గు లేదూ?"

"ముందు పెట్టానని గొప్పలు చెప్పుకునేది నువ్వు, సిగ్గు లేనిది నాకా!"

"సరే, ఆపండి. మామ్మగారు వెనక్కి చూస్తున్నారు."

"ఆపుతాలే. కానీ ఒక్కటి విను. ఆరు వారాలుగా దాని పక్కన కూర్చుని నాటకం చదివించింది నేను. ఎంత అలసిపోయి వచ్చినా సరే, పుస్తకం పట్టుకొచ్చి ఒళ్లో పడేసేది. ‘నాన్నా, చదువు’ అని. నీతో ఒక్కరోజైనా చదివిందా? అడిగా దాన్ని. లేదంది."

"ఏమిటీ?"

"లేదంది. ‘అమ్మతో చదవట్లేదు’ అంది. ఇక నీకు కంకణం కావాలా, అద్దం కావాలా?"

"నాతో చదివింది."

"అబద్ధం."

"నేను కూరలు తరుగుతుంటే పక్కన స్టూలు వేసుకుని, రోజూ గంటసేపు. మీతో చదవట్లేదని నాకు చెప్పింది. నేనూ అడిగా మరి."

"నీకు అబద్ధం చెప్పుంటుంది."

"మీకే చెప్పుంటుంది."

"అయితే చెప్పు చూద్దాం, దాని వేషమేంటి?"

"కాపలావాడు. వంతెన దగ్గర నించుని ఎవర్నీ అటు పోనివ్వనివాడు."

"ఆహా! దొరికావు. చదవకుండానే చదివానంటున్నావు. దానిది కాపలావాడి వేషం కాదు తల్లీ. వంతెన దాటాలని వస్తుందే, ఆవిడ వేషం."

"ఆవిడ మాటలు చదివింది నేను! అది కాపలావాడు."

"కాపలావాడి మాటలు చదివింది నేను! అది ఆవిడ."

"మీకు మతిగాని పోయిందా? ‘అటుపక్క నా ఇల్లుంది, దీపం పెట్టే వేళైంది, నన్ను పోనివ్వు.’ ఇది నాది. ఆరు వారాలు చదివా. దీని తర్వాతేంటో చెప్పండి, చదివితే."

"‘ఇటుపక్కా ఇళ్లున్నాయి. దీపాలు ఇక్కడా వెలుగుతాయి. ఉండిపో.’"

"...‘ఉండిపోవడానికి నేను రాలేదు. దాటడానికి వచ్చాను.’"

"‘అందరూ అలాగే అంటారు. సగం దూరం వెళ్లి వెనక్కి చూస్తారు.’"

"‘నువ్వెప్పుడైనా అటు వెళ్లావా?’"

"‘నా పని వంతెన కాయడం. దాటడం కాదు.’"

"..."

"బాగానే వచ్చిందే నీకు."

"మీకూ వచ్చింది."

"ఏమ్మా, మీరిద్దరు కూడా వేషాలేస్తున్నారా ఏంటి?"

"లేదు మామ్మగారూ. ఊరికే... ఊరికే చదువుకుంటున్నాం."

"బాగుంది చెప్పడం. మావాడికంటే నయం."

"అటు తిరగండి మామ్మగారూ, తెర కదులుతోంది."

"ఏమండీ."

"ఏంటి?"

"మరి దాని వేషం ఏది? మీరన్నదా, నేనన్నదా?"

"పేర్ల కాగితం ఏమన్నా పంచారా?"

"లేదు. చివర్లో మైకులో చెబుతారట."

"అయితే ఇప్పుడే తెలిసిపోతుందిగా. ఆర్పేశారు దీపాలు. ఫోను తీయి, నాది చార్జింగు లేదు."

"మీకెప్పుడుంది చార్జింగు? ...వస్తోంది, వస్తోంది, కాపలావాడు. చెప్పానా? మీసం పెట్టారు చూడండి, నా తల్లికి."

"అంత పొడుగెక్కడిదే దానికి?"

"ఎత్తు చెప్పులు వేసుంటారు."

"మా మనవడే! మీసం ఊడిపోతోంది, చూసుకోడు వెధవ."

"విన్నావా? మామ్మగారి మనవడట. కాపలావాడు కాదని తేలింది. ఇప్పుడు ఆవిడ వస్తుంది చూడు. తీయి ఫోను, సరిగ్గా పట్టుకో. ఫోను కదిలిపోతోంది."

"నా చెయ్యి వణికితే నా ఉద్యోగం ఊడేది ఎప్పుడో."

"అదిగో!"

"ఏదీ?"

"అదిగో, చీర కట్టుకుని..."

"ఇది పిచ్చుక కాదు."

"కాదా?"

"కళ్లజోడు పెట్టుకోండి. కూతురేదో పరాయిపిల్లేదో తెలీట్లేదు మీకు. ఇది ఆ బొగ్గులా నల్లటి కారులో దిగుతుందే, ఆ పిల్ల."

"అంటే మన పిల్ల వేషం లాగేసుకున్నారన్నమాట. కారున్నోళ్లకి వేషం, లేనోళ్లకి చీటీలు అంటించే పని."

"లాగేసుకోక? ఒకరోజు రిహార్సలుకి ఆలస్యంగా పంపారటగా?"

"అది బుధవారం, నీ దగ్గరుంది!"

"...అవును. పనమ్మాయి రాలేదు, నేను గంటన్నర ఆలస్యంగా దింపా. కానీ ఆదివారం మీరేం చేశారు? లిఫ్టు బాగుచేయాలని తీసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టారట నాలుగు గంటలు. తిండి లేదు, నీళ్లు లేవు."

"బిస్కెట్లు కొనిచ్చా."

"నాలుగు గంటలకి బిస్కెట్లు!"

"నువ్వు ల్యాబులో కూర్చోబెట్టలేదా? రక్తం సీసాల మధ్య కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. అది నేనడిగానా?"

"అందుకే దానికి వేషం పోయింది. మీ వల్ల."

"నీ వల్ల."

"ష్! కాస్త నోళ్లు మూస్తారా నాయనా? మావాడి మొదటి ముక్క కూడా విననివ్వలేదు. మీ గొడవలకి ఇల్లు లేదా?"

"...క్షమించండి."

"మెల్లగా చెప్పండి. ఎక్కడుందంటారు?"

"ఏమో. ఏడుస్తూ ఉంటుంది ఏ గదిలోనో. తెర దిగగానే ఆ నాటకం మాస్టారి సంగతి చెబుతా."

"మీరు గొంతు లేపకండి. నేను మాట్లాడతా."

"ఆఁ, నువ్వు మాట్లాడితే పూలు రాలతాయి."

"ఇదిగో ఆ ముక్క వచ్చింది. ‘నువ్వెప్పుడైనా అటు వెళ్లావా’ అంది."

"ఆగిపోయాడేంటి వాడు?"

"మర్చిపోయాడు."

"అయ్యో, నా తండ్రి! చెప్పరా. నోరు తెరువు."

"‘నా పని వంతెన కాయడం’రా బాబూ. ‘నా పని...’"

"మీరు ఊరుకోండి, అందరూ చూస్తున్నారు."

"పాపం, నీళ్లు నములుతున్నాడు. ‘నా పని వంతెన...’"

"ష్! వినండి."

"ఏంటి?"

"తెర వెనక నుంచి ఎవరో మాటలు అందిస్తున్నారు. వినండి."

"..."

"వినిపించిందా?"

"పిచ్చుక."

"దాని గొంతే. జ్వరమొచ్చినప్పుడు అలాగే గుసగుసగా నీళ్లడుగుతుంది."

"అందుకున్నాడు వాడు. అందుకున్నాడు."

"ఇప్పుడు చీర కట్టుకున్న పిల్ల తడబడింది. దానికి కూడా..."

"దానికి కూడా అదే అందిస్తోంది."

"రెండు వైపులా అదే."

"ఆ వెనకున్న పిల్లెవరో గానీ చల్లగా ఉండాలి. లేకపోతే మావాడి పరువు పోయేది."

"మా అమ్మాయండీ."

"మా అమ్మాయండీ."

హాలు బయట వరండా. జనం వెళ్లిపోతున్నారు.

"మాస్టారూ, ఒక్క నిమిషం."

"మీరిద్దరూ... ఆఁ, పోలికలు చెబుతున్నాయి. రండి రండి. మీ అమ్మాయి లేకపోతే ఇవాళ నాటకం వంతెన మధ్యలోనే ఆగిపోయేదండీ."

"అదే అడుగుదామని. దాని వేషం తీసి ఆ పిల్లకి ఎందుకిచ్చారు?"

"గొంతు లేపకండి అన్నానా మీతో? మాస్టారూ, పిల్ల ఆరు వారాలు కష్టపడింది. తప్పేమన్నా ఉంటే మాకు కబురు చేయాల్సింది."

"వేషం తీయడమేంటమ్మా? తనకి వేషం ఎక్కడిచ్చాం?"

"ఇవ్వలేదా?"

"ఇస్తామన్నాం. మొదటి రోజే, దాటే ఆవిడ వేషం నువ్వే వేయాలన్నా. వద్దంది. ‘వెనక ఉండి అందించే పని నాకివ్వండి సార్’ అంది. మిగతావాళ్లందరూ ముందుకి రావాలని కొట్టుకు చస్తుంటే, ఇది తెర వెనక ఒక స్టూలు అడిగింది. ఇరవై ఏళ్లలో నన్ను అలా అడిగిన పిల్ల లేదు."

"ఎందుకు వద్దందండీ?"

"నేనూ అడిగా. ‘వేషం వేస్తే ఒకవైపు మాటలే చదవాలి సార్. అందించేవాళ్లైతే రెండు వైపులా చదవాలి కదా. మా ఇంట్లో చదివించేవాళ్లు ఇద్దరున్నారు’ అంది. నాకెంత ముచ్చటేసిందో! అమ్మా నాన్నా చెరో వైపు కూర్చుని నాటకం చదివించే ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి?"

"..."

"..."

"ఏమైందండీ? నేనేమన్నా..."

"ఏం లేదు మాస్టారూ."

"సరే, నేను వెళ్లాలి. ఆ మీసం అద్దెకి తెచ్చింది, ఆ కాపలావాడు ఎక్కడ పడేశాడో. ఎలాగూ సోమవారం కలుస్తాంగా."

"సోమవారమా?"

"అదేనండీ, మధ్యాహ్నం. తను చెప్పే ఉంటుంది. ఇదిగో వస్తోంది, మీరు మాట్లాడుకోండి."

"ఈయనకి కూడా చెప్పిందా సోమవారం సంగతి? ఊరంతా టముకు వేసిందా?"

"ముందు దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి. రా బంగారం. గొంతు పోయిందా? నీళ్లు తాగు."

"నా దగ్గరున్నాయి నీళ్లు. ఇదిగో, చల్లగా ఉన్నాయి."

"చల్లటివి వద్దు, గొంతు పట్టేస్తుంది. నావి తాగు."

"నేను తాగే వచ్చానమ్మా. పక్కపక్కనే కూర్చున్నారా ఇద్దరూ?"

"నీ చీటీల మహత్యం. కూర్చున్నాం."

"ఎంతసేపు కొట్టుకున్నారు?"

"కొట్టుకోవడమేంటే? ఊరికే మాట్లాడుకున్నాం."

"చాలాసేపు నేను లోపలి నుంచి విన్నా నాన్నా. తెర వెనక చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. మెట్లు, బిస్కెట్లు, రక్తం సీసాలు, అన్నీ వినిపించాయి. వేదిక మీదున్న కారు పిల్ల కూడా వింది. నావైపు చూసి, ఇంకోవైపు తిరిగిపోయింది. మధ్యలో ఒకసారి మాత్రం, తెర లేవకముందు, మీరిద్దరూ వంతెన ముక్క చదువుకున్నారు. అది కూడా విన్నా."

"అది... మీ నాన్న చదివారో లేదో చూద్దామని."

"తెలుసమ్మా. అయినా బాగుంది."

"ఒసేయ్, నాకు కాపలావాడి వేషమని ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదే. ‘ఆవిడ మాటలు నువ్వు చదువు, కాపలావాడివి నేను చదువుతా’ అన్నా. నీకేం వేషమిచ్చారే అని నువ్వు అడగలేదు. ‘మీ నాన్నతో కూడా చదువుతున్నావా’ అని అడిగావు. నాన్నా, నువ్వూ అదే అడిగావు. అదొక్కటే."

"మరి లేదన్నావు?"

"అవునంటే మానేసేవాడివి కదా."

"నేనా? ఎందుకు మానేస్తా?"

"మానేసేవాడివి నాన్నా. ఆ గంటసేపు నువ్వు అమ్మని తిట్టేవాడివి కాదు. కాపలావాడి మాటల్లో తిట్లు లేవు కదా."

"నేను తిట్టను మీ నాన్నని. నా నోట ఎప్పుడైనా..."

"కూరలు తరుగుతూ తిడతావమ్మా. బెండకాయలైతే ఇంకా ఎక్కువ. పుస్తకం చూస్తూ చదవాలని కత్తి పక్కన పెట్టేదానివి. అందుకే ఒక్కో పేజీ నాలుగుసార్లు చదివించేదాన్ని. నాకు రాక కాదు. నాకు రెండో వారానికే అంతా వచ్చేసింది."

"సర్లే. అయిందేదో అయింది. పద, బండి అటు పెట్టా. ఈరోజు నా రోజు."

"దాని మొహం చూడండి, పీక్కుపోయింది. ఈ పూటకి నా దగ్గర పడుకుంటుంది. చెప్పవే మీ నాన్నకి."

"రూలంటే రూలే. మీ అమ్మకి చెప్పు."

"నాన్న రూలంటే రూలే అంటున్నాడమ్మా. అమ్మ నా మొహం పీక్కుపోయిందంటోంది నాన్నా."

"ఏంటే ఆ చిలకపలుకులు? మాకు వినపడట్లేదా?"

"వినపడుతుందా? మరి ఎదురెదురుగా నించుని కూడా నాతోనే చెప్పిస్తారెందుకు? అక్కడ వాళ్లు మర్చిపోతే అందించా. మీ ఇద్దరికీ మర్చిపోవడం కూడా రాదు."

"అంత మాటలెప్పుడు నేర్చావే?"

"దాన్ని అనకండి. అన్నీ మీ వల్లే. బంగారం, నువ్వు భయపడకు. సోమవారం ఆవిడ అడిగినప్పుడు నీ మనసులో ఎవరుంటే వాళ్ల పేరు చెప్పు. నేనేం అనుకోను."

"నేనూ ఏం అనుకోను. నిజం చెప్పు, అంతే. మీ నాన్న దగ్గరుంటే..."

"అదిగో, మళ్లీ ఎక్కిస్తున్నారు!"

"నువ్వు ఎక్కించట్లేదా?"

"ఎవరి పేరూ చెప్పను."

"ఏంటీ?"

"చెప్పక్కర్లేదు. మీరిద్దరూ సంతకం పెట్టిన కాగితం చూపిస్తా."

"నాటకం కాగితమా? అది ఆవిడకెందుకే, పిచ్చిదానా?"

"నాటకం కాగితమని నేనెప్పుడన్నా నాన్నా? ఇక్కడ సంతకం కావాలన్నా. అంతే అన్నా."

"మరి అదేంటి?"

"పైన ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. ఒక్కరైనా చదువుతారని చూశా. చదివి ‘ఇదేంటే, వద్దు’ అంటే చింపేద్దామనుకున్నా. ఒట్టు. అమ్మా, నువ్వు నాన్న గడి ఖాళీగా ఉందా లేదా అని చూశావు. నాన్నా, నువ్వు అమ్మ సంతకం ఎంత పెద్దదో చూశావు."

"పిచ్చుకా, కంగారు పెట్టకు. ఏం కాగితమది?"

"చెప్పవే తల్లీ."

"బడి హాస్టల్‌ది. సోమవారం మధ్యాహ్నం చేరాలి. మూడేళ్లలో మీరిద్దరూ కలిసి ఒప్పుకున్నది అదొక్కటే."